లాట్ నంబర్ నాలుగు

సర్కారు కాగితంల మనిషికి పేరుండదు.
"లాట్ నంబర్ నాలుగు: ఆయుధంతో కాపలా.
తలలు అరవై నాలుగు, పాళీకి పన్నెండు గంటలు.
ఉప్పునీళ్ళు తీపి చేసే ప్లాంటు,
గేట్లు నాలుగు, బురుజులు రెండు."
ఒక పేజీ అరబ్బీ, ఒక పేజీ ఇంగ్లీషు.
రెండూ కొట్లాడుకుంటే అరబ్బీదే చెల్లుతదట.

ఫహాహీల్‌ల, మెట్లకింది ఆఫీసుల
నేను రేట్లు కట్టే గుమస్తాను.
మెట్‌పల్లిల బీడీల లెక్క రాసిన చెయ్యి ఇది.
వెయ్యికి ఎన్ని ఏరి పారెయ్యాలె
అన్నది చెయ్యి ఇంకా మరువలే.

నా గదిల పైమంచం గంగరాజంది.
పదిహేడేండ్లు ఫౌజుల ఉండి
నాయక్‌గ దిగినోడు. మూడో గేటు, రాత్రి పాళీ.
పొద్దుమూకంగ ఆరింటికి పది తూటాలిస్తరు,
తెల్లారి ఆరింటికి పది తూటాలు ఎంచుకుంటరు.
రెండుపూటలా సంతకం.
ఒక్కటి తగ్గితే ముప్పై దినార్ల కోత.
"ఫౌజుల తూటాకు గురి నేర్పిండ్రు,
ఈడ ధర నేర్పిండ్రు" అని నవ్వుతడు.
ఊళ్ళె తన మడి సర్వే నంబరు అడిగితే తడుముకుంటడు,
తుపాకీ నంబరు నిద్రల కూడ చదువుతడు,
కింద పండుకొని నేను విన్న.

టెండరు పెట్టె మూసేది ఆదివారం ఒంటిగంటకు.
శనివారం రాత్రి ముదీర్ వచ్చి
నా కుర్చీ వెనక నిలబడ్డడు.
"అవతలోడు నూటడెబ్బై కంటే కిందికి పోతడట. దిగు."

గంటకు, తలకు,
ఒక దినార్ నూటడెబ్బై ఐదు ఫిల్సులు మా రేటు.
అండ్లకెల్లి గంగరాజం చేతికి వచ్చేది
నాలుగు వందల యాభై.
మిగిలింది ఎటెటు పోతదో నాకెరికే:
బీమా, బ్యాంకు పూచీ, తుపాకుల లైసెన్సు, బస్సు,
ముదీర్ కొడుకు చదువు.
ఏ గడిని ముట్టొద్దో కూడ ఎరికే.

బూట్లు ఏడాదికి రెండు జతలుండె, ఒకటి చేసిన.
మూడు ఫిల్సులు.
గురి చూసి కాల్చే తాలీము రెండుసార్లుండె, ఒకసారి.
నాలుగు.
రాత్రిపూట గేట్లకాడికి చల్లనీళ్ళ బండి...
ఆడ వేలు ఆగింది.
లోపట దినాం లక్షల గ్యాలన్ల నీళ్ళు పొంగుతయి,
గేటు కాసేటోడు అడిగితే ఒక చెంబెడు పొయ్యరా
అనుకున్న. అనుకొని కొట్టేసిన.
ఆరు.
ఒకటీ నూట అరవై రెండు.
ముదీర్ తాగబోయిన చాయ నా ముందట పెట్టిండు.

రెండు ఫిల్సులతోటి గెలిచినం.

ఓడితే ఆ గేటు ఇంకో కంపెనీకి పోతుండె,
అరవై నలుగురి టోపీల మీది బిళ్ళలు ఊడుతుండె,
కొందరు టిక్కెట్టు పట్టుకొని పోతుండె.
అందుకే గంగరాజం బకాలా నుంచి హల్వా డబ్బా తెచ్చిండు,
నేపాలు తేజ్‌కు పెట్టిండు, ఉగాండా ఒకెల్లోకు పెట్టిండు,
పెద్ద ముక్క నా నోట్లె పెట్టి
"లెక్క గట్టింది నువ్వే గదరా" అన్నడు.
తిన్న.

జూన్ వచ్చింది.
రాత్రి పన్నెండింటికి కూడ ఇనుప గేటు చెయ్యి కాలుస్తది.
"నీళ్ళబండి వస్తలేదు, ఎవడో కొట్టేసిండట" అన్నడు
తువ్వాలకు పిన్నీసు పెట్టుకుంట.
ఎవడో అన్నడు గానీ
నా మొఖం చూసి అనలే.
అప్పటిసంది రోజూ పొద్దుమూకంగ
రెండు లీటర్ల సీసా గడ్డ కట్టించి
తడిబట్టల చుట్టి ఆయన సంచిల పెడుతున్న.
ఎందుకు పెడుతున్నవని ఆయన అడుగలే.

ఒకనాడు అర్జీ రాసియ్యుమన్నడు.
రాసిన. మంచిగనే రాసిన, ఎండ డిగ్రీలతోటి సహా.
కింద ముప్పై ఒక్క సంతకాలు,
తూటాల బుక్కుల పెట్టినట్టే సక్కటి సంతకాలు.
అది మంత్రిత్వ శాఖకు పోయి,
ఆడికెల్లి కంపెనీకి వచ్చి,
మూడో వారం నా టేబుల్ మీద తేలింది:
"ఖర్చెంతయితదో రాసి పంపు."

ఆరు ఫిల్సులు అని రాసిన.
ముదీర్ పెన్సిలుతోటి పక్కన గీకిండు:
వచ్చే టెండరుల చూద్దాం.
వచ్చే టెండరు మూడేండ్లకు.

శుక్రవారం మధ్యాహ్నం, ఏసీ గురక.
"అర్జీ ఏమాయె?"
"పైన ఉన్నది" అన్న.
పైమంచం ఒక్కసారి కిర్రుమన్నది.